మా హవల్దారన్న జాడ

మేము ముగ్గురము స్నేహితులము. ముగ్గురమూ షోలాపురం తూర్పుభాగపు సాలెవాడల్లో పుట్టి పెరిగిన వాళ్ళమే. మా తాతలు కరీంనగరం, నల్లగొండ, పాలమూరు పల్లెలనుంచి మూటాముల్లె కట్టుకొని ఈ ఊరు చేరి, ఇంట్లో గుంట త్రవ్వి మగ్గం వేసుకొన్నవారు. మా నాయనలు మిల్లుల్లో పనిచేసినారు. మేము మాత్రం నాడె పట్టలేదు. పోలీసులో చేరి ఖాకీ తొడిగినాము. కొన్నాళ్ళకు పైవారు ఆ ఖాకీ కూడ విప్పించి, మామూలు బట్టలతో పేటల్లో తిరిగి రమ్మన్నారు. అంటే ఏమి పనియో పాఠకులు గ్రహించే యుందురు. సభ ఎక్కడ జరుగును, ఎవరు మాట్లాడిరి, ఎవరు చప్పట్లు కొట్టిరి, చాయి దుకాణంలో ఏమి అనుకొన్నారు - ఇవన్నీ విని, రాత్రికి వ్రాసి పంపవలె. జనం మమ్మల్ని సి.ఐ.డి. లనేవారు. మాలో ఒకాయన చిన్నతనాన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి, ఉద్యోగమంటే అటువంటిదే కాబోలనుకొన్నాడు. తీరా చూస్తే, కాళ్ళు పీకేటట్టు నిలబడుట, చల్లారిన చాయి తాగుట, ఇంతే ఉద్యోగం.

మమ్మల్ని ఆ పనికి ఎన్నుకొనుటకు మా తెలివి కారణం కాదు, మా తెలుగు కారణం. ఈ ఊరిలో మరాఠీ, కన్నడం, దక్కనీ ఉర్దూ, తెలుగు నాలుగూ నడుస్తవి గదా. అశోక చౌకులోనో, కన్నా చౌకులోనో, దాజీ పేటలోనో మగ్గాల వారి సభ జరిగితే ఉపన్యాసం మరాఠీలో మొదలై, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగుతుంది. అసలు విషయమంతా ఆ కోపంలోనే ఉంటుంది. అది పై అధికారులకు తెలియదు. అందుకొరకు మేము.

మా నలుగురిలో - అవును, అప్పుడు మేము నలుగురము - పెద్దవాడు హవల్దారన్న. మేమంతా ఆయన చేతికింద పని నేర్చుకొన్నవారమే. పేరు వ్రాయము. మా పేటల్లో ఆయనను హవల్దారన్న అంటేనే తెలుస్తుంది. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది: "మనిషి మొకం మార్చుకుంటడు, బట్టలు మార్చుకుంటడు, మీసం తీసేస్తడు. నడక మాత్రం మార్చలేడు. ఎనుకనుంచి చూసి మనిషిని పట్టాలె." రథోత్సవం నాడు వేలమంది జనంలో, వీపు చూసి మనిషిని గుర్తుపట్టగలిగినవాడు ఆయన ఒక్కడే.

ఈ ఊరికి పోలీసంటే ఒక పాత గాయం ఉన్నది. 1930 మే నెలలో గాంధీగారిని అరెస్టు చేసినారన్న వార్తకు మిల్లులు ఆగిపోయి జనం బజార్లలోకి వచ్చినారు. కాల్పులు జరిగినవి. అధికారులు ఊరు విడిచిపోతే కొన్ని దినాలు ఊరు జనం చేతిలోనే ఉన్నది. ఆపైన మార్షల్ లా వచ్చింది. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్, ఈ నలుగురిని 1931 జనవరి 12 వ తేదీన ఎరవాడ జైలులో ఉరితీసినారు. వారి విగ్రహాలు ఈనాటికీ ఊరి నడుమ చౌకులో ఉన్నవి. ఆ కాలం చూసిన మా నాయనమ్మలు, మేము ఖాకీ వేసుకొని మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు సంతోషించలేదు. "సొంతోళ్ళ మీదనే చెప్తవార బిడ్డా?" అని ఒకామె అడిగింది. దానికి మావద్ద జవాబు లేకుండె. ఇప్పుడూ లేదు. జీతం వస్తుండె, పిల్లలు చదువుకొంటుండిరి. అంతే.

హవల్దారన్న భార్యను మేము వదినె అనేవాళ్ళము. ఆమె బీడీలు కట్టేది. మా పేటల్లో ఆడవాండ్లకు ఇది కొత్త గాదు. మగవాడు చద్దర్ల కార్ఖానాలోనో, టవళ్ళ కార్ఖానాలోనో పవర్‌లూమ్ ముందు నిలబడితే, ఆడది గడప పక్కన చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చొంటుంది. తునికాకు నానబెట్టి, కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టుట. కూలి వెయ్యికింతని లెక్క. పోలీసు భార్యకు ఇదెందుకని ఎవరైనా అంటే, "ఆయన జీతం ఆయనది, నా ఏళ్ళు నావి" అని నవ్వేది. మిల్లులు ఒకటొకటే మూతపడిన రోజుల్లో, 1963లో జూనీ మిల్లు గాని, 1990ల దశాబ్దంలో లక్ష్మీ విష్ణు గాని, ఎన్ని ఇండ్లల్లో పొయ్యి వెలిగింది ఈ ఆడవాండ్ల వేళ్ళతోనే గదా.

2018 ఆషాఢంలో వదినె చనిపోయింది. పుణెనుంచి కొడుకు కోడలు వచ్చినారు. పదకొండో దినం అందరమూ పోయినాము. విస్తళ్ళు వేసినారు, తిన్నాము. "ధైర్యంగ ఉండన్నా" అన్నాము. ఆయన తల ఊపినాడు. కొడుకు తనతో పుణె రమ్మన్నాడట. నెల మాసికం కానీ అన్నాడట ఈయన. మేము చేతులు కడుక్కొని వచ్చేసినాము. మళ్ళీ పోలేదు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి మనుమని బడి, ఒకరికి పవర్‌లూమ్ బాకీల గొడవ. కారణాలు అన్నీ సరియైనవే.

శ్రావణ పూర్ణిమకు ముందు దినం, శనివారం పొద్దున, పక్కింటి ఆమె మా ఇంటికి వచ్చింది. "హవల్దారన్న రాత్రినుంచి లేడు. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉన్నది, తాళం లేదు." పోయి చూసినాము. ఫోను గూట్లోనే ఉన్నది. పింఛను పుస్తకం ఉన్నది. మందులు ఉన్నవి. గొడుగు, ఒక తెల్ల గుడ్డసంచి లేవు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. తాళం పెట్టని మనిషి తిరిగి రావాలనుకొని పోయినవాడా, రావద్దనుకొని పోయినవాడా? మా ఉద్యోగంలో ఇటువంటి తలుపులు చూసి యున్నాము. ఆ మాట ముగ్గురమూ పైకి అనలేదు.

పాతకాలపు లెక్కన పనులు పంచుకొన్నాము. ఒకరు సివిల్ ఆసుపత్రికి, ఒకరు రైల్వే స్టేషనుకు, ఒకరు సిద్ధేశ్వరుని చెరువు గట్టు మీదికి. చెరువుకు పోయినతను చెప్పినాడు, గట్టు చుట్టూ తిరిగి నీళ్ళకేసి చూడలేక గుడికేసి చూస్తూ నడిచినాడట. దేవుని దయవల్ల ఆ మూడు చోట్లా ఏమీ లేదు. మధ్యాహ్నం చౌకీకి పోయి మనిషి తప్పిపోయినాడని వ్రాయించినాము.

అక్కడ ఒక చిన్నవయసు పోలీసు, మా మనుమని ఈడువాడు, ఓపికగా ప్రశ్నలడిగినాడు. వయస్సు? ఎత్తు? రంగు? మచ్చలు? చెప్పినాము. ఎవరింటికైనా పోతుంటాడా? ఆలోచించినాము. భార్య పుట్టిల్లు ఏ ఊరు? తెలంగాణంలో ఎక్కడో అన్నాము. భార్య పేరు? ముగ్గురమూ ఊరకున్నాము. నలభై ఏండ్లు ఆమె చేతి చాయి తాగినాము. వదినె అని తప్ప ఆమెకొక పేరు ఉన్నదని మాకు తట్టలేదు. ఈ పేటల్లో ఎవడు ఎవనితో కలిసి చాయి తాగినాడో తేదీలతో సహా వ్రాసి పంపినవాళ్ళము! ఆ పిల్లవాడు నవ్వలేదు. "ఫర్వాలేదు, కాకా, తరువాత చెప్పండి" అని ఆ గడి ఖాళీగా విడిచినాడు. ఆ ఖాళీ గడి మాకు ఇప్పటికీ కండ్లముందు కనబడుతుంది.

సాయంత్రం ఆ పిల్లవాడే ఎస్‌టీ స్టాండు కెమెరా బొమ్మలు చూపించినాడు. ఒక గంటసేపు చూసినాము. మాకు కనబడలేదు. రెండోసారి వేసినాడు. మళ్ళీ కనబడలేదు. అప్పుడు ఆ పిల్లవాడు వేలు పెట్టి, "తెల్లసంచి, గొడుగు. ఈయన కాదా?" అన్నాడు. ఒక ముసలాయన, తల వంచి, కాళ్ళు ఈడ్చుకొంటూ, గోడ పక్కగా పోతున్నాడు. కాదన్నాము. మా అన్న అట్లా నడువడు, నిటారుగ నడుస్తాడు అన్నాము. ఆ మనిషి బస్సుకేసి తిరిగినప్పుడు ముఖం పడింది. ఆయనే. మనిషి నడక మార్చలేడని నేర్పిన గురువు నడకే మారిపోయింది. ఎన్ని దినాలనుంచి అట్లా నడుస్తున్నాడో! అదే పేటలో ఉన్నాము, చూడలేదు. అది హైదరాబాదు బస్సు.

హైదరాబాదు బస్సు ఎక్కినవాడు దారిలో ఎక్కడనైనా దిగవచ్చును గదా. ఆ రాత్రి కొడుకును ఫోనులో అడిగి, ఇల్లు వెదకినాము. అది మాకు చేతనైన పనే, అయినా చేతులు ఆడలేదు. వదినె చాట గోడకు ఆనించి ఉన్నది. కత్తెర గూట్లో ఉన్నది. పెట్టెలో ఆమె బీడీ పుస్తకం దొరికింది. దానిమీద ఆమె పేరు ఉన్నది. ముగ్గురమూ చదువుకొన్నాము. చక్కటి పేరు. పిల్లల అనుమతి లేదు గనుక ఇక్కడ వ్రాయము.

దాని కింద ఒక కొత్త నోటుబుక్కు. హవల్దారన్న దస్తూరి. తెరచి చూస్తే మా పాత నిఘా డైరీ వలెనే గీతలు కొట్టి, వేళలు వేసి వ్రాసియున్నాడు. "ఉ. 4-30 గం. లేచుట. 4-45 ఆకు నానవేయుట. 5-30 నల్లా నీళ్ళకు వరుస. 7-00 నాకు చాయి, తాను తాగినట్లు చూడలేదు." ఇట్లా పేజీల తరబడి. చనిపోయిన భార్యమీద రిపోర్టు వ్రాస్తున్నాడాయన, జ్ఞాపకంనుంచి. జీవితమంతా ఇతరులను కనిపెట్టినవాడు, ఇంట్లో మనిషిని ఎప్పుడూ కనిపెట్టలేదని తెలిసివచ్చి, చేతనైన పద్ధతిలో అది పూర్తి చేస్తున్నాడు. ఒక పేజీలో ఇట్లున్నది: "బీడీ కార్మికుల మోర్చా. ఆమె రెండో వరుసలో ఉండెను. నా రిపోర్టులో అందరి పేర్లు వ్రాసి ఆమె పేరు వ్రాయలేదు. పక్కింటి ఆమెను పట్టుకొనిపోయిరి. ఈమెకు తెలిసినది. ఆ రాత్రి నాకు వడ్డించి తాను తినలేదు. ఏమీ అడుగలేదు." ఆ మోర్చాకు మేమూ పోయి యున్నాము. మా రిపోర్టుల్లో కూడ పేర్లు ఉండె. నోటుబుక్కు మూసి కొంతసేపు కూర్చొన్నాము. ఎవరమూ మాట్లాడలేదు.

చివరి పేజీలో రెండు వాక్యాలే. "మొక్కు చెల్లలేదు. అడిగినది, నాకు జ్ఞాపకమున్నంత మట్టుకు, ఏడు సార్లు. నా జవాబు ఏడు సార్లూ, బందోబస్తున్నది."

ఏ మొక్కు? పండరిపురమా, తుల్జాపురమా అంటే అవి హైదరాబాదు దారిలో చేరేవి కావు. తిరుపతియా? యాదగిరి గుట్టయా?

మరునాడు ఆదివారం నారళీ పూర్ణిమ, మార్కండేయుని రథోత్సవం. తెలుగువాడలంతా బజారులోనే ఉన్నవి. మగవాండ్లను అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. అప్పుడు మాలో ఒకరి భార్య అన్నది: "మీరు మగోళ్ళనే అడుగుతున్రు. ఆమె ఎవరితోటి కూసోని బీడీలు కట్టిందో వాళ్ళను అడుగున్రి." ఇంత చిన్న సంగతి ముగ్గురు సి.ఐ.డి. లకు తోచలేదు. కుంభారివద్ద బీడీ కార్మిక స్త్రీలకని గోదూతాయి పరుళేకర్ పేరుమీద పదివేల ఇండ్లు కట్టినారు గదా, 2006లో ఇచ్చినారు. వదినె జతకత్తె ఒకామె అక్కడ ఉంటుంది. పోయినాము. ఆమె చాట పక్కన పెట్టి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏ మొక్కేంది? వేములాడ రాజన్న మొక్కు. కొడుకు పుట్టినప్పుడు కోడె కడతనని మొక్కింది. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల దిక్కే గదా. మా అందరికీ ఎరుకే. నలభై ఏండ్లు దోస్తులు, మీకు ఎరుకలేదా?"

తల వంచుకొన్నాము. ఆమె లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది. తరువాత మెల్లగా అన్నది: "నన్ను మోర్చాల పట్టుకపోయినప్పుడు ఆమెనే మూడు దినాలు నా పిల్లలకు అన్నం పెట్టింది." అప్పుడు పక్కింట్లో ఉన్నది ఈమెయేనని మాకు అర్థమైనది. హవల్దారన్న సంగతి ఆమెకు తెలుసునా, తెలియదా? మేము అడుగలేదు. ఆమె కూడ అంతకు మించి చెప్పలేదు.

ఆ రాత్రి ఒకరు ఇంటివద్ద నిలిచి, ఇద్దరు బస్సు ఎక్కినాము. తెల్లవారి హైదరాబాదు, అక్కడ జూబిలీ స్టాండులో మరొక బస్సు. సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా మధ్యాహ్నానికి వేములవాడ. 2016లో ఆ ప్రాంతానికి దేవుని పేరే పెట్టి రాజన్న సిరిసిల్ల జిల్లా చేసినారు. శ్రావణ సోమవారం. ఇసుక వేస్తే రాలనంత జనం. ధర్మగుండంలో స్నానాలు చేసి తడిబట్టలతో వచ్చేవారు, కోడెల త్రాళ్ళు పట్టుకొని గుడి చుట్టూ తిరిగేవారు, బద్ది పోచమ్మకు బోనాలెత్తినవారు. ఈ జనంలో వీపు చూసి పట్టేదెట్లా, ఆ నడక మారిపోయిన తరువాత?

మేము మెట్లవద్ద నిలిచి చూస్తుండగా వెనుకనుంచి మాట వినబడింది. "ఇద్దరే వచ్చిన్రు. మూడోవాడు ఏడి?"

తిరిగి చూస్తే హవల్దారన్న. గడ్డం పెరిగి ఉన్నది. చేతిలో గొడుగు. "మీరు బస్సు దిగి వచ్చేటప్పటినుంచి చూస్తున్న. మీ నడకలు ఏం మారలే" అన్నాడు.

మాకు కోపం, ఏడుపు రెండూ వచ్చినవి. "చెప్పి రావద్దా అన్నా? ఊరంతా వెదుకుతున్నాము" అన్నాము. ఆయన చాలాసేపటికి, మెల్లగా, నిందగా గాక ఉన్నమాట చెప్పినట్టుగా, "ఎవరికి చెప్పాలె? పదకొండో దినం తరువాత ఎవరొచ్చిన్రు?" అన్నాడు.

చాయి దుకాణంలో కూర్చొన్నాక కొంత చెప్పినాడు. పొద్దున కోడె కట్టినాడు. త్రాడు పట్టుకొని గుడి చుట్టూ తిరుగుతుంటే, ఎనుక ఆమె నడుస్తున్నట్టే అనిపించిందట, కాని తిరిగి చూడలేదట. "మొక్కు తీరితే నాకు ఇంక పనేం లేదనుకొన్న. ఆ తరువాతి మాట ఆలోచన చెయ్యలే" అన్నాడు. గుండం నీళ్ళకేసి చూసినాడు. మేము ఆయన చేయి విడువలేదు. ఆ మాటకు అర్థం పాఠకులకు విడమరచి చెప్పనక్కర లేదు. రెండోసారి చాయి తెప్పించినాము. కొంచెంసేపు తరువాత ఆయనే, "రిపోర్టు వ్రాసిన్రా?" అని అడిగినాడు. చౌకీలో వ్రాయించినామన్నాము. "ఆమె పేరు సరిగ్గ వ్రాయించిన్రా?" అన్నాడు. అప్పుడు వ్రాయించలేదు, ఇప్పుడు తెలుసు అన్నాము. పేరు చెప్పినాము. ఆయన ఆ చాయి దుకాణంలో, అంతమంది జనంలో, చిన్నపిల్లవాని వలె ఏడ్చినాడు. ఆమె పోయిన తరువాత అదే మొదటిసారి అనుకొంటాము.

మరునాడు వదినె పుట్టిన ఊరికి తీసుకొనిపోయి, ఆమె తమ్ముని ఇంట ఒక పూట ఉండి, ముగ్గురమూ షోలాపురం చేరినాము. చౌకీకి పోయి మనిషి దొరికినాడని వ్రాయించి, ఆ ఖాళీ గడిలో పేరు కూడ నింపమన్నాము. ఆ పిల్లవాడు నింపినాడు.

కొన్నాళ్ళకు హవల్దారన్న కుంభారి పోయి వచ్చినాడు. ఒక్కడే పోతానన్నాడు. అక్కడ ఏమి మాట్లాడినాడో చెప్పలేదు, మేమూ అడుగలేదు. తిరిగి వచ్చిననాడు అన్నం బాగా తిన్నాడు. అంతవరకు మాకు తెలుసు. ఆపైన మేము ముగ్గురమూ వంతులు వేసుకొని, దినానికొకరు సాయంత్రం ఆయన గడపలో కూర్చొనుట మొదలుపెట్టినాము. చేసే ఘనకార్యం ఏమీ లేదు. చాయి తాగుట, వదినె సంగతులు చెప్పించుకొని వినుట. ఆ నోటుబుక్కు నిండి రెండోది కూడ సగమైనది. మాకు తోచినవి మేము చెప్తే అవి కూడ వ్రాసుకొన్నాడు. నడక కొంచెం కొంచెంగా సరియైనది. కొడుకుతో పుణె పోయినా, రథోత్సవానికి రాకుండ ఉండడు.

పాఠక సోదరీ సోదరులారా, మన పేటల్లో ముసలివాండ్లు ఒంటరిగా మిగిలే ఇండ్లు పెరుగుతున్నవి. పిల్లలు పుణెలో, హైదరాబాదులో, ఇంకా దూరాన ఉన్నారు. అది వారి తప్పు గాదు. మనం మాత్రం ఇక్కడనే ఉన్నాము గదా. సావు జరిగిన ఇంటికి పదకొండో దినం అందరమూ పోతాము, విస్తరిముందు కూర్చొంటాము. ఆనాడు ఆ ఇంట్లో మనుషులకు లోటుండదు. మా ముగ్గురి మాటగా ఒక్కటే విన్నవించుకొంటున్నాము: పన్నెండో దినం కూడ పొండి. ఉత్త చేతులతో పోయినా సరే.